ముద్ర, మడత, కట్ట

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల మూడు లోక్‌సభ నియోజకవర్గాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మూసారాంబాగ్ వైపు ఇళ్లు మలక్‌పేట అసెంబ్లీలోకి, హైదరాబాద్ లోక్‌సభలోకి వస్తాయి. సరూర్‌నగర్, ఆర్కేపురం డివిజన్లు మహేశ్వరం అసెంబ్లీలో, చేవెళ్ల లోక్‌సభలో ఉన్నాయి. గడ్డిఅన్నారం, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా వెళ్తే అసెంబ్లీ ఎల్బీనగర్‌ది, లోక్‌సభ మల్కాజిగిరిది. ఒకే బస్టాపులో ఒకే బస్సు కోసం చూస్తున్న ముగ్గురు ముగ్గురు వేర్వేరు ఎంపీలకు ఓటేసే వాళ్లు కావచ్చు. అందుకే ఎన్నికల రోజుల్లో ఇక్కడి టీకొట్ల దగ్గర వాదన ఓ పట్టాన తెగదు. ఏ కండువా వేసుకున్నవాళ్లైనా జనం నమ్మకం మా వైపే ఉందని గట్టిగా అంటారు.

అలా అనడానికి ప్రతి పార్టీ దగ్గరా ఒక రుజువు ఉంది కూడా. 2018 డిసెంబరులో ఎల్బీనగర్ అసెంబ్లీ సీటు కాంగ్రెస్‌ది. 2019లో మల్కాజిగిరి ఎంపీ సీటూ కాంగ్రెస్‌దే, గెలిచింది రేవంత్‌రెడ్డి. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో ఎల్బీనగర్ నియోజకవర్గంలోని 11 డివిజన్లనూ బీజేపీ ఊడ్చేసింది. ఆ పదకొండులో ఒకటైన లింగోజిగూడలో గెలిచిన అభ్యర్థి ప్రమాణ స్వీకారానికి ముందే కన్నుమూస్తే, 2021 ఉపఎన్నికలో ఆ డివిజన్ కాంగ్రెస్‌కు వెళ్లింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఎల్బీనగర్‌లో బీఆర్ఎస్ గెలిచింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మల్కాజిగిరి బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్‌ది. ఆరేళ్లు నిండకుండానే ఈ కాలనీలు మూడు పార్టీలను గెలిపించాయి.

ఇంత త్వరగా తీర్పు మారే చోట ఓడినవాళ్లు ప్రతిసారీ ఇంటికెళ్లి మళ్లీ ఎన్నికల కోసం ఎదురుచూశారు. ఫలితం నచ్చక తిట్టుకున్నవాళ్లు ఉన్నారు, కోర్టుకెక్కినవాళ్లు ఉన్నారు. కానీ ఆ ఫలితం చివరికి నిలబడింది. అలా నిలబడడం వెనుక ఒక పనితనం ఉంది. రబ్బరు ముద్ర వేసే తీరు, కాగితం మడిచే తీరు, పాతికేసి కట్టలు కట్టే తీరు, ఒక ఫారం మీద అంకె రాసి పదిమందికీ నకలు ఇచ్చే తీరు. పార్టీల వాదనల మీద మనం ఎన్నో వ్యాసాలు చదివాం. ఆ వాదనలకు హద్దు గీసే ఈ చేతిపనిని దగ్గరగా చూసింది తక్కువ. అది చూడదగ్గ పని, మెచ్చుకోదగ్గ పని.

వరద సాయం తగువు

2020 అక్టోబరు వానలు ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు, గడ్డిఅన్నారం, హయత్‌నగర్ వైపు లోతట్టు ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం వరద బాధిత కుటుంబానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. అందనివాళ్లు మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. ఇంతలో జీహెచ్ఎంసీ ఎన్నికల ప్రకటన వచ్చింది, రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని ఆపమంది. అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ రాసిన లేఖ వల్లే సాయం ఆగిందని టీఆర్ఎస్ (తర్వాత బీఆర్ఎస్) ఆరోపించింది. ఆ లేఖ తనది కాదని, నకిలీదని సంజయ్ అన్నారు. చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి గుడికి వెళ్లి, ముఖ్యమంత్రి కూడా అక్కడికి రావాలని సవాలు విసిరారు. మేం గెలిస్తే 25 వేలు ఇస్తామని బీజేపీ మ్యానిఫెస్టోలో రాసింది.

ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవలసింది మోకాటి లోతు నీళ్లలో సామాన్లు పోగొట్టుకున్న కుటుంబాలు. వాళ్లు ఏం అనుకున్నారో చెప్పగలమని రెండు పక్షాలూ టీవీల్లో ఢంకా బజాయించాయి. కానీ పార్టీ ఎంత గట్టిగా చెప్పినా అది ఓటరు మాట కాదు. ఓటరు మాట వినాలంటే ఆమెను ఒక్కర్తినే అట్టపెట్టెల చాటుకు పంపాలి, ఆమె చెప్పింది పాడవకుండా బయటికి తేవాలి, ఆమె పేరు బయటపడకుండా లెక్కలో కలపాలి. మూడూ కష్టమే. ఆ ఎన్నికలు కరోనా కాలంలో వచ్చాయి. ఈవీఎంలు పక్కనపెట్టి కాగితం బ్యాలెట్లతో జరిపారు. అందుకే డిసెంబరు 1న పాత పనితనమంతా మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

ముద్ర, మడత

ముందు ఆ రబ్బరు ముద్ర సంగతి. బ్యాలెట్ మీద ఓటు వేయడానికి ఇచ్చే ముద్ర స్వస్తిక్ ఆకారంలో, కొసలు వంగి ఉంటుంది. అందులో ఉన్నది మతమూ కాదు, అలంకారమూ కాదు. సిరా తడి ఆరకుండా కాగితం మడిస్తే ముద్ర ఎదుటి భాగానికి అంటుకుంటుంది. గుండ్రటి ముద్రో, మామూలు ఇంటూ గుర్తో అయితే ఓటరు వేసింది ఏది, మడతలో అంటింది ఏది అన్నది చెప్పలేం. రెండు గుర్తుల మీదా ఒకే ఆకారం కనపడుతుంది, ఓటు చెల్లకుండా పోతుంది. స్వస్తిక్ కొసలు ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి అంటుకున్న మరక అద్దంలో బొమ్మలా రెండో దిక్కుకు తిరుగుతుంది. లెక్కించేవాడు ఒక్క చూపులో అసలు ముద్రను పట్టుకుంటాడు. వేలెడంత రబ్బరు ముక్క ఒక ఓటరు మాటను కాపాడుతోంది. ఎవరి ఆలోచనో గానీ, ఇంత చిన్న వస్తువులో ఇంత దూరాలోచన అరుదు.

మడతకూ ఒక క్రమం ఉంది. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమని పోలింగ్ అధికారి ప్రతి ఓటరుకూ చెబుతాడు, కొన్నిసార్లు మడిచి చూపించి మరీ ఇస్తాడు. గుర్తులు ఒకదాని కింద ఒకటి నిలువు వరసలో ఉంటాయి. ముందుగా అడ్డంగా మడిస్తే పైవాడి గడిలో తడి కిందివాడి గడి మీదికి పోతుంది. నిలువుగా మడిస్తే అదే వరసలో ఉంటుంది. ముద్ర ఆకారం ఒక కాపు, మడత క్రమం రెండో కాపు. ఒకటి తప్పినా రెండోది నిలబడుతుంది.

కాగితం వెనుక ప్రిసైడింగ్ అధికారి సంతకం, ఆ పోలింగ్ కేంద్రాన్ని గుర్తుపట్టే మరో ముద్ర ఉంటాయి. బయట అచ్చువేసుకొచ్చిన దొంగ కాగితం పెట్టెలో పడ్డా లెక్క దగ్గర దొరికిపోవడానికి ఈ ఏర్పాటు. ఇక చెల్లుబాటు సూత్రం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ముద్ర మసకగా పడినా, ఒకే అభ్యర్థి గడిలో రెండుసార్లు పడినా, ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే ఆ ఓటును తోసిపుచ్చకూడదని మన ఎన్నికల నిబంధనలు చెబుతాయి. చేతులు వణికే ముసలావిడ వేసిన ముద్రకు కూడా చట్టం గౌరవం ఇచ్చింది.

పని తప్పినప్పుడు

పనితనం విలువ అది తప్పిన చోటే బాగా తెలుస్తుంది. అదే డిసెంబరు 1న దిల్‌సుఖ్‌నగర్‌కు పక్కనే ఉన్న ఓల్డ్ మలక్‌పేట డివిజన్లో పోలింగ్ మొదలయ్యాక ఒక తప్పు బయటపడింది. సీపీఐ అభ్యర్థి పేరు ఎదుట ఉండాల్సిన గుర్తు కంకి కొడవలి. బ్యాలెట్ మీద సీపీఎం గుర్తు సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. దూరం నుంచి చూస్తే రెండూ కొడవళ్లే కదా అనిపించవచ్చు. చదువు రాని ఓటరుకు మాత్రం ఆ బొమ్మే అభ్యర్థి పేరు. బొమ్మ మారితే మనిషి మారినట్టే. ఆ డివిజన్ మొత్తం పోలింగ్ రద్దు చేశారు. సరైన గుర్తుతో కొత్త బ్యాలెట్లు అచ్చువేయించి డిసెంబరు 3న మళ్లీ ఓటు వేయించారు. గెలుపు అవకాశాలు ఎలా ఉన్నా ఒక చిన్న పార్టీ అభ్యర్థి గుర్తు కోసం డివిజన్ మొత్తాన్ని మళ్లీ క్యూలో నిలబెట్టారు. అచ్చు తప్పు సిగ్గుపడాల్సిందే. దాన్ని కప్పిపుచ్చకుండా రెండు రోజుల్లో దిద్దిన తీరు మెచ్చుకోవాల్సిందే.

రెండో తప్పు ముద్రదే. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల చేతికి స్వస్తిక్ ముద్రకు బదులు ఆ కేంద్రం గుర్తింపు ముద్ర వెళ్లింది. ఆ ఓట్లను లెక్కలోకి తీసుకోవచ్చని లెక్కింపు ముందు రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇచ్చింది. బీజేపీ హైకోర్టుకు వెళ్లింది, కోర్టు ఆ సర్క్యులర్‌ను నిలిపివేసింది. మిగతా డివిజన్లలో ఆధిక్యం ఆ ఓట్లకన్నా ఎక్కువగా ఉండడంతో ఫలితాలు వచ్చేశాయి. నేరేడ్‌మెట్‌లో మాత్రం ఆధిక్యం తక్కువ, వివాదంలో ఉన్న ఓట్లు ఎక్కువ. అక్కడ ఫలితం ఆపారు. కోర్టులో తేలాక డిసెంబరు 9న లెక్క పూర్తిచేసి టీఆర్ఎస్ అభ్యర్థి గెలిచినట్టు ప్రకటించారు. ఎవరూ తొందరపడి ఒక అంకె చెప్పేయలేదు. చేతివృత్తిలో ఆపడం తెలిసినవాడే నేర్పరి అంటారు. లెక్కింపు పనికి కూడా ఆ మాట వర్తిస్తుంది.

సరూర్‌నగర్ స్టేడియంలో నాలుగు రోజులు

ఈ పనితనం నిండుగా కనపడింది 2021 మార్చిలో, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో. హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 93 మంది పోటీచేశారు. బ్యాలెట్ దినపత్రిక కాగితమంత ఉంది. దానికి తగ్గ జంబో పెట్టెలు కావలసి వచ్చాయి. మార్చి 14న పోలింగ్, 17 ఉదయం లెక్కింపు మొదలు. టీఆర్ఎస్ తరఫున పీవీ నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవి, బీజేపీ తరఫున అప్పటి ఎమ్మెల్సీ ఎన్.రాంచందర్‌రావు, స్వతంత్ర అభ్యర్థిగా ప్రొఫెసర్ కె.నాగేశ్వర్, కాంగ్రెస్ తరఫున జి.చిన్నారెడ్డి ప్రధాన అభ్యర్థులు. బీజేపీ గెలిచిన దుబ్బాక ఉపఎన్నిక, జీహెచ్ఎంసీ ఎన్నికల తర్వాత వచ్చిన పోటీ కావడంతో చదువుకున్న ఓటరు నమ్మకం ఎవరిదన్న వాదన తారస్థాయికి చేరింది.

ఈ ఎన్నికలో ముద్ర లేదు, అంకె ఉంది. ఓటరు తనకు ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థుల ఎదుట 1, 2, 3 అని ఇష్టం వచ్చినంత వరకు ప్రాధాన్యం రాయాలి. 1 తప్పనిసరి, అదీ ఒక్కరికే. మనం వాడే అంకెలైనా, రోమన్ అంకెలైనా, తెలుగు అంకెలైనా పరవాలేదు, అక్షరాల్లో మాత్రం రాయకూడదు. టిక్కు పెట్టకూడదు, సంతకం చేయకూడదు, సొంత పెన్ను వాడకూడదు. ఎవరి చేతిరాతో పట్టుబడే దారులన్నీ మూసేయడానికే ఈ కట్టుదిట్టం.

పెట్టెలు తెరిచాక సిబ్బంది మొదట చేసేది ఓట్లు లెక్కించడం కాదు, కాగితాలు లెక్కించడం. ఎవరికి పడిందో చూడకుండా పాతికేసి కట్టలు కడతారు. పెట్టెలో ఉండాల్సిన కాగితాలు, పోలింగ్ రోజు రాసిన లెక్క సరిపోయాయో లేదో చూస్తారు. తర్వాత అన్ని కేంద్రాల కట్టలనూ కలిపేస్తారు. ఒక్కో టేబుల్‌కు వెయ్యి కాగితాలు, అంటే నలభై కట్టలు. ఆ కలపడంలో ఉన్న ఆలోచన గొప్పది. వనస్థలిపురం కట్ట ఏదో, కొడంగల్ కట్ట ఏదో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. ఏ వీధి ఎవరికి వేసిందో తెలియకపోతే, గెలిచినవాడు ఏ వీధి మీదా కక్ష తీర్చుకోలేడు.

అప్పుడు ఒక్కో కాగితం తెరిచి, అభ్యర్థుల ఏజెంట్లకు కనపడేలా పట్టుకుని, 1 ఎక్కడుందో చూసి ఆ అభ్యర్థి గడిలో వేస్తారు. దినపత్రికంత కాగితంలో 93 పేర్ల మధ్య ఒక చిన్న అంకెను వెతకాలి. అది 1నా 7నా, కొట్టేసి మళ్లీ రాశారా, రెండు చోట్ల ఉందా అన్నది చూడాలి. అనుమానం వస్తే రిటర్నింగ్ అధికారి ముందు పెట్టాలి. చేసేవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వ ఉద్యోగులు, మాస్కులు కట్టుకుని షిఫ్టుల్లో కూర్చున్నవాళ్లు.

పోలైన ఓట్లు 3,58,348. చెల్లనివి 21,309. చెల్లినవి 3,37,039, కాబట్టి గెలుపు కోటా అందులో సగానికి ఒకటి కలిపి 1,68,520. మొదటి ప్రాధాన్యంలో వాణీదేవికి 1,12,689, రాంచందర్‌రావుకు 1,04,668, నాగేశ్వర్‌కు 53,610, చిన్నారెడ్డికి 31,554 వచ్చాయి. కోటా ఎవరికీ అందలేదు. మొదటి ఇద్దరి మధ్య తేడా 8,021. చెల్లని ఓట్లు దానికి రెండున్నర రెట్లు. డిగ్రీ ఉన్నవాళ్ల ఓట్లలో ఇన్ని చెల్లకపోవడం మనందరికీ పాఠం. ఈ తేడా పక్కనే ఇంత చెల్లని రాశి ఉన్నప్పుడు, ప్రతి చెల్లని కాగితాన్నీ ఎందుకు చెల్లదో చూపించి పక్కన పెట్టడమే ఆ లెక్కను నిలబెడుతుంది.

కోటా అందకపోతే అసలు పని అప్పుడు మొదలవుతుంది. అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినవాడిని తొలగిస్తారు. అతని కాగితాలను పారేయరు. ఒక్కొక్కటి మళ్లీ తెరిచి 2 ఎవరికి రాశారో చూసి వాళ్ల కట్టలో చేరుస్తారు. ఆ తర్వాత కింద ఉన్నవాడు, ఆ పైవాడు, ఆ పైవాడు. ఎక్కడైనా 2 రాసిన అభ్యర్థి అప్పటికే పోటీలోంచి పోయి ఉంటే 3 చూస్తారు. తర్వాతి ప్రాధాన్యం రాయని కాగితాన్ని వేరే కట్టలో పెడతారు. ఇలా తొంభై మందికి పైగా అభ్యర్థులను ఒక్కొక్కరినే దించుకుంటూ పోయారు. తొలి మెట్లలో పది ఇరవై కాగితాలే చేతులు మారతాయి, పై మెట్లకు వచ్చేసరికి వేలు మారతాయి. ప్రతి మెట్టు దగ్గరా మొత్తం సరిచూడాలి, ఒక్క కాగితం తేడా వచ్చినా వెనక్కి వెళ్లాలి. నాగేశ్వర్ ఓట్లు కూడా పంచాక వాణీదేవి ఆధిక్యం 11 వేలు దాటింది. మార్చి 20న ఆమె గెలిచినట్టు ప్రకటించారు.

ఆ నాలుగు రోజుల్లో ఒక విషయం తేలింది. ఓటరు నమ్మకం అంటే ఒకే పార్టీకి రాసిచ్చిన పత్రం కాదు. ఒక స్వతంత్రుడికి మొదటి స్థానం, ఒక పెద్ద పార్టీకి రెండో స్థానం, తనకు నచ్చని పార్టీకి ఏమీ రాయకుండా వదిలేసిన ఖాళీ, ఇవన్నీ ఒకే మనిషి అభిప్రాయంలో ఉంటాయి. మామూలు ఎన్నికలో ఆ అభిప్రాయమంతా ఒక్క గుర్తు కిందికి కుదించుకుపోతుంది. సరూర్‌నగర్ టేబుళ్ల మీద అది వరసతో, మడతలతో సహా బయటికొచ్చింది. పార్టీలు ఆ కాగితాలను శ్రద్ధగా చదివి ఉంటే వాదనలు సగం తగ్గేవి.

యంత్రం, రెండు రూపాయలు, ఒక ఫారం

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు యంత్రాల మీద జరుగుతాయి. దేశంలో ఈవీఎంలు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ మన నగరంలోనే ఉంది. 1967లో ఏఎస్ రావు ఆధ్వర్యంలో మొదలైన ఆ సంస్థ, ఎల్బీనగర్ ఉన్న మల్కాజిగిరి లోక్‌సభ పరిధి చుట్టుపక్కలే తన పని చేసుకుపోతోంది. యంత్రం వచ్చాక చేతిపని పోయిందనుకుంటాం. పోలేదు, చోటు మారింది.

పోలింగ్‌కు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుగుతుంది. ఎవరు ఏ మీట నొక్కారో రాసుకుంటారు, ఫలితం చూస్తారు, ఓటు పడిన గుర్తును చూపే వీవీప్యాట్ చీటీలతో సరిపోల్చుకుంటారు, తర్వాత యంత్రాన్ని ఖాళీ చేస్తారు. ఆ చీటీలను నల్ల కవరులో పెట్టి సీలు వేస్తారు. కంట్రోల్ యూనిట్‌లో ఆకుపచ్చ కాగితం సీలు బిగించి, దాని మీద ఏజెంట్ల సంతకాలు తీసుకుంటారు. ఒకరినొకరు ఏమాత్రం నమ్మని పార్టీల మనుషులు ఒకే కాగితం ముక్క మీద వరసగా సంతకం పెట్టే దృశ్యం మన రాజకీయాల్లో ఇంకెక్కడా దొరకదు.

ఏజెంటు పనిలో ఇంకో అందమైన నిబంధన ఉంది. వచ్చిన ఓటరు అసలు మనిషి కాదని అనుమానం వస్తే ఏజెంటు అభ్యంతరం చెప్పవచ్చు. అందుకు 2 రూపాయలు కట్టాలి. విచారణలో అభ్యంతరం పసలేనిదని గానీ, చెడు ఉద్దేశంతో చేసిందని గానీ అధికారి నమ్మితే ఆ డబ్బు పోతుంది. రెండు రూపాయలకు ఇవాళ టీ కూడా రాదు. అయినా రసీదు రాసి డబ్బు తీసుకునే ఆ పద్ధతి ఏజెంటును ఒక్క క్షణం ఆలోచింపజేస్తుంది. ఊరికే నిందవేయడానికీ, బాధ్యతతో అభ్యంతరం చెప్పడానికీ మధ్య గీత గీస్తుంది. టీవీ చర్చల్లో ఇలాంటి గీత ఒకటి ఉంటే ఎంత బాగుండేది!

సాయంత్రం పోలింగ్ ముగిశాక ఫారం 17సి. ఆ బూత్‌లో యంత్రం సంఖ్య, సీళ్ల సంఖ్యలు, నమోదైన మొత్తం ఓట్లు రాసి ప్రిసైడింగ్ అధికారి సంతకం పెట్టి, అక్కడ ఉన్న ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజు ఆ నకలు పట్టుకునే ఏజెంటు జాలీ అవతల కూర్చుంటాడు. యంత్రం సంఖ్య కలిసిందా, సీలు కలిసిందా, మొత్తం కలిసిందా అని చూస్తాడు. ఈ నిబంధనలో ఎవరినీ నమ్మమని అడగలేదు. అపనమ్మకాన్నే పనిలో పెట్టి, దానికి ఒక కాగితం, ఒక కుర్చీ, ఒక సంతకం ఇచ్చారు. అదే ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది.

యంత్రం మీద అనుమానాలు ఉన్నాయి. అవి ఒక పార్టీవి కావు. 2010లో బీజేపీ నాయకుడు జీవీఎల్ నరసింహారావు ఈవీఎంలను ప్రశ్నిస్తూ పుస్తకమే రాశారు. 2019లో చంద్రబాబు నాయుడు ప్రతిపక్షాలను కూడగట్టి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024లో ఓడిన వైఎస్ జగన్ బ్యాలెట్ కాగితమే కావాలన్నారు. అనుమానించడం పౌరుడి హక్కు, పార్టీ హక్కు కూడా. ఆ అనుమానం నిబంధనగా మారినప్పుడు అది సమాజానికి లాభం. 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చంద్రబాబు తదితరుల పిటిషన్ మీదే అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక బూత్ బదులు ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కించాలని చెప్పింది. ఏ ఐదు బూత్‌లు అన్నది అభ్యర్థుల ఎదుట లాటరీ తీసి తేలుస్తారు. ఏడు సెకన్లు అద్దం వెనుక కనపడి కిందపడిన ఆ చీటీలను బ్యాంకు క్యాషియర్ నోట్లు లెక్కించినంత జాగ్రత్తగా పాతికేసి కట్టలు కట్టి యంత్రం అంకెతో సరిచూస్తారు. పాత కట్ట కొత్త యంత్రానికీ సాక్ష్యంగా వచ్చి చేరింది.

యంత్రం పోగొట్టింది ఒకటుంది, అది కలపడం. ఇప్పుడు లెక్క బూత్‌ల వారీగా బయటికొస్తుంది. ఏ కాలనీ ఎవరికి వేసిందో పార్టీలకు తెలిసిపోతుంది. కొన్ని యంత్రాల ఓట్లు కలిపి చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించినా అది అమల్లోకి రాలేదు. పాత పనివాళ్లు కట్టలు కలిపి ఓటరుకు ఇచ్చిన రక్షణను యంత్రకాలంలో మళ్లీ తెచ్చుకోవాలి.

కొలత, దాని హద్దు

2019లో మల్కాజిగిరి దేశంలోకెల్లా ఎక్కువ మంది ఓటర్లున్న లోక్‌సభ స్థానం, 31 లక్షలకు పైమాటే. అక్కడ రేవంత్‌రెడ్డి గెలిచింది 10,919 ఓట్లతో. 2024లో అదే స్థానంలో ఈటల రాజేందర్ గెలిచింది 3,91,475 ఓట్లతో. పదివేల తేడానూ దాదాపు నాలుగు లక్షల తేడానూ ఒకే పద్ధతి కొలిచింది, ఒకే రకం ఫారం మీద రాసింది. మొదటి తేడా ఓటర్ల సంఖ్యతో పోలిస్తే ఎంత సన్ననిదో చూడండి. పని ఏమాత్రం వదులుగా ఉన్నా ఆ ఫలితం నిలబడేది కాదు.

ఈ పనితనం కొలవలేనివీ ఉన్నాయి. 2014లో తెలంగాణకు టీడీపీ ముఖ్యమంత్రి అభ్యర్థిగా ఎల్బీనగర్‌లో గెలిచిన ఆర్.కృష్ణయ్య ఆ తర్వాత కాంగ్రెస్ అభ్యర్థిగా మిర్యాలగూడలో పోటీచేశారు, వైఎస్సార్‌సీపీ తరఫున, ఆపైన బీజేపీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. 2018లో కాంగ్రెస్ టికెట్ మీద ఎల్బీనగర్‌లో గెలిచిన దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి 2019లో టీఆర్ఎస్‌లో చేరిన 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో ఒకరు. 2023లో బీఆర్ఎస్ అభ్యర్థిగా మళ్లీ జనం ముందుకొచ్చి మళ్లీ గెలిచారు. జనం నమ్మింది పార్టీనా, మనిషినా అన్న ప్రశ్నకు ఏ కట్టా జవాబు చెప్పదు. ఓటేసిన మరుసటి రోజు ఆ ఓటుకు ఏమైందో చూసే నిబంధన ఇంకా పదును తేలాలి.

ఇంకో హద్దు మన చేతుల్లోనే ఉంది. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో నగరం మొత్తం మీద సగం మంది కూడా ఓటు వేయలేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఓటు సొంతూళ్లో ఉంటుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఓటు వేయడానికి ఎల్బీనగర్ మీదుగా విజయవాడ దారి పట్టినవాళ్లు ఎందరో. ఓటు కోసం రాత్రంతా బస్సులో నిలబడి వెళ్లేవాళ్లు ఒకవైపు, ఇంటి పక్క బడిలో ఉన్న బూత్‌కు నడవనివాళ్లు ఇంకోవైపు. ఎంత నేర్పుగా లెక్కించినా రాని ఓటును ఎవరూ లెక్కించలేరు.

పార్టీలు తమ మీద జనానికి నమ్మకం ఉందని చెప్పుకోవడం మానవు, మానాల్సిన పనీ లేదు. ప్రజాస్వామ్యంలో వాదన ఉండాల్సిందే. ఆ వాదనను నిజాయితీగా కొలిచే పనిని ఉపాధ్యాయులు, గుమస్తాలు, రెవెన్యూ ఉద్యోగులు, బూత్‌లో పొద్దున్నుంచి కూర్చునే ఏజెంట్లు తరతరాలుగా చేస్తూ వచ్చారు. తప్పులు చేశారు, దిద్దుకున్నారు. వాళ్ల పని మన దేశం చేతుల మీదుగా తయారైన మేలైన పనుల్లో ఒకటి. ప్రతి పార్టీకీ ఒక విన్నపం: ఏజెంటును తిండి పొట్లం ఇచ్చి కూర్చోబెట్టే మనిషిగా చూడకండి, నిబంధనలు నేర్పి పంపండి, 17సి నకలు తీసుకోకుండా బూత్ వదలొద్దని చెప్పండి. పాఠకులకు ఇంకొకటి: వచ్చే ఎన్నికలకు ముందు జాబితాలో మీ పేరు చూసుకోండి, పోలింగ్ రోజు తప్పకుండా వెళ్లండి. వీలైతే మీకు నచ్చిన పార్టీ తరఫున ఒక్క రోజు ఏజెంటుగా కూర్చోండి. పక్క కుర్చీలో మీరు ఒప్పుకోని పార్టీ మనిషి ఉంటాడు. సాయంత్రానికి మీ ఇద్దరి సంతకాలూ ఒకే లెక్క కింద ఉంటాయి.